చివరి ఏడాది నుంచి పీజీ సీటు దాకా: మన డాక్టరు పిల్లలకు నాలుగు మాటలు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు థింసా ఆడుకున్నాం, పెద్దల పోరాటాలు గుర్తు చేసుకున్నాం. మమ్మల్ని మాత్రం చదువు గురించి మాట్లాడమన్నారు. చదువంటే చాలా ఉంది కాబట్టి ఒక్క ముక్కే పట్టుకుంటాం. ఎంబీబీఎస్ చివరి ఏడాది గట్టెక్కడం ఎలా, ఆ తర్వాత పీజీ సీటు తెచ్చుకోవడం ఎలా అన్నదే ఆ ముక్క. ఈ సభలో మెడిసిన్ చదువుతున్న పిల్లలు పదిమంది కూడా ఉండకపోవచ్చు. అయినా మిగతావాళ్ళూ వినండి. రేపు మీ చెల్లెలో, మీ పక్కింటి తమ్ముడో ఈ దారిలోకి వస్తే, చెప్పడానికి ఊళ్ళో ఒకరైనా ఉండాలి.

ముందే ఒక మాట. మేము డాక్టర్లం కాదు. బీఈడీ చదివి, కొన్నేళ్ళు బడిలో పాఠం చెప్పి, హాస్టల్ బాధ్యతల్లోకి వచ్చినవాళ్ళం. మా దగ్గర తిని, మా దగ్గర చదివిన పిల్లలు మెడికల్ కాలేజీల్లో చేరాక కూడా సెలవులకు వచ్చినప్పుడు మా వరండాలో కూర్చుంటారు. వాళ్ళు పడ్డ కష్టం, నేర్చుకున్న మెళకువ అక్కడే చెబుతారు. వాళ్ళకు కావలసిన కాగితాల కోసం వాళ్ళతో పాటు ఆఫీసుల చుట్టూ మేమూ తిరిగాం. అలా తెలిసిందే ఈ రోజు మీకు చెబుతున్నాం.

ఎంబీబీఎస్ సీటు వచ్చిన రోజున ఊరంతా పండగ. దండ వేస్తాం, ఫ్లెక్సీ కడతాం, ఫొటో పెడతాం. ఐదేళ్ళ తర్వాత ఆ పిల్ల ఏమైంది, చివరి పరీక్ష ఎలా రాసింది, పీజీ ఎందుకు రాలేదు అని ఎవరూ అడగరు. సీటు దాకా తోడున్న ఊరు చివరి ఏడాదిలో తోడుండదు. అసలు తోడు కావలసింది అప్పుడే.

ఎందుకంటే మన కొండల మీద కొరత అక్కడే ఉంది. ఒక తల్లికి కాన్పు కష్టమైందనుకోండి. ఆపరేషన్ చేయడానికి గైనకాలజిస్టు కావాలి, మత్తు ఇవ్వడానికి అనస్థటిస్టు కావాలి, బిడ్డను చూడటానికి పిల్లల డాక్టరు కావాలి, రక్తం నిల్వ ఉండాలి. ఈ నలుగురిలో ఒక్కటి లేకపోయినా ఆ తల్లిని కిందికి పంపిస్తారు. పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్ నూరు కిలోమీటర్లకు పైనే. అందులో ఘాట్ రోడ్డు. రోడ్డెక్కే దాకా డోలీ. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషమే. కానీ కాలేజీకైనా ఆసుపత్రికైనా కావలసింది పీజీ చేసిన డాక్టర్లు. వాళ్ళు మన భాష తెలిసినవాళ్ళయితే ఇంకా మేలు. మన పిల్లలు ఎంబీబీఎస్‌తో ఆగిపోతే ఆ కుర్చీలు అలాగే ఖాళీగా ఉంటాయి.

ఇక అసలు విషయం. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. చివరి ఘట్టంలో మెడిసిన్, సర్జరీ, ప్రసూతి–స్త్రీల వైద్యం, పిల్లల వైద్యం ప్రధానం. రాత పరీక్ష ఒక ఎత్తు, ప్రాక్టికల్స్ ఒక ఎత్తు. మన పిల్లలు ఎక్కువగా తడబడేది రెండో చోట. చదవక కాదు, నోరు పెగలక.

ప్రాక్టికల్‌లో రోగిని చూపిస్తారు. మాట్లాడి, పరీక్ష చేసి, వివరమంతా రాసుకుని, ఎగ్జామినర్ ముందు నిలబడి వరుసగా చెప్పాలి. అదీ ఇంగ్లీషులో. ఇంట్లో కువియో ఆదివాసీ ఒరియానో మాట్లాడి, ఆశ్రమ పాఠశాలలో తెలుగులో చదివి, తర్వాత ఇంగ్లీషులోకి వచ్చిన పిల్లకి అది మూడో భాష. విషయం తెలిసినా మాట రాక తలదించుకుని నిలబడితే, తెలియదనే అనుకుంటారు.

దీనికి మందు ఒక్కటే, రోజూ నోటితో చెప్పడం. మా పిల్లల్లో చివరి ఏడాది మొదటి దెబ్బకే దాటినవాళ్ళందరూ ఇదే చెప్పారు. సాయంత్రం వార్డుకు వెళ్ళి ఒక రోగిని చూసి, రాత్రి హాస్టల్ గదిలో స్నేహితురాలిని ఎగ్జామినర్‌గా కూర్చోబెట్టి, పది నిమిషాల్లో కేసు చెప్పాలి. వాక్యాలు పెద్దవి అక్కర్లేదు. ఎన్నాళ్ళ నుంచి, ఎలా మొదలైంది, ఏం తోడైంది, ముందు ఏం వైద్యం చేయించారు. చిన్న చిన్న ముక్కలుగా చెప్పినా వరుస తప్పకపోతే చాలు. మొదటి వారం సిగ్గుగా ఉంటుంది. నెల తిరిగేసరికి మాట మీది అవుతుంది.

ఇందులోనే మనకొక బలం ఉంది. మా దగ్గర చదివిన ఒకమ్మాయి వార్డులో ఉండగా కొండల నుంచి జ్వరంతో ఒక పెద్దాయన వచ్చాడు. ఎవరు అడిగినా తల ఊపుతున్నాడు తప్ప ఏమీ చెప్పడం లేదు. ఈ అమ్మాయి పక్కన కూర్చుని ఆయన భాషలో 'తాతా' అని పిలిచింది. జ్వరం రోజు విడిచి రోజు వస్తోందని, మధ్యలో రెండు మాత్రలు వేసుకుని ఆపేశాడని, ఊళ్ళో ఇంకో ఇద్దరికి ఇలాగే ఉందని వరుసగా చెప్పాడు. మిగతావాళ్ళు రాసుకోలేని వివరం ఆమె కాగితం మీద ఉంది. మన భాష మనకు అడ్డు అనుకోకండి. రోగి మనసు తెరిచే తాళంచెవి అది.

చివరి ఏడాదిలో ఇంకో గుంత హాజరు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం ఉండాలి. లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు. ఇటుకల పండక్కి ఇంటికి వచ్చి, వర్షానికి బస్సు లేదని, అమ్మకు బాగోలేదని పది రోజులు ఉండిపోతారు. పండక్కి రావద్దని మేము అనం. మన పండగ మనదే. ఎన్ని క్లాసులు పోయాయో, ఇంకా ఎన్ని పోతే ప్రమాదమో లెక్క రాసుకుని రండి. తల్లిదండ్రులకు కూడా మా విన్నపం. చిన్న చిన్న పనులకు, ప్రతి శుభకార్యానికి పిల్లను పిలవకండి. ఆ ఒక్క ఏడాది మీరే పట్నం వెళ్ళి చూసి రండి.

ఒక్క సబ్జెక్టు పోతే ఏమవుతుందిలే, సప్లిమెంటరీ ఉందిగా అంటారు కొందరు. అక్కడే తెలియాల్సిన సంగతి ఉంది. సప్లిమెంటరీలో పాసైతే ఇంటర్న్‌షిప్ కొన్ని నెలలు ఆలస్యంగా మొదలవుతుంది. మొదలవడం ఆలస్యమైతే ముగియడమూ ఆలస్యమే. నీట్ పీజీ రాయాలంటే ఫలానా తేదీ లోపు ఇంటర్న్‌షిప్ ముగియాలని ప్రతి ఏటా ఒక గడువు పెడతారు. 2025లో పరీక్ష ఆగస్టు 3న జరిగింది, ఇంటర్న్‌షిప్ గడువు జూలై 31. ఆ తేదీ దాటినవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళయినా మరుసటి ఏటికే. అంటే ఒక్క సబ్జెక్టు కొన్ని నెలలు కాదు, ఏకంగా ఒక ఏడాది తినేస్తుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. తప్పినవాళ్ళు చిన్నబోవాల్సిన పనీ లేదు. తప్పితే ఆ అదనపు నెలల్లోనే పీజీకి చదవడం మొదలుపెట్టండి. పోయిన కాలంలో సగమైనా వెనక్కి వస్తుంది.

ఇక ఇంటర్న్‌షిప్. పన్నెండు నెలలు. కొందరు దీన్ని చాకిరీ అనుకుంటారు, కొందరు సెలవు అనుకుంటారు. రెండూ కాదు. కొన్ని పోస్టింగుల్లో నిద్ర ఉండదు, కొన్నింట్లో సాయంత్రాలు ఖాళీ దొరుకుతాయి. పోస్టింగుల పట్టిక చేతికి రాగానే ఏ నెలలో ఎంత తీరిక ఉంటుందో సీనియర్లను అడిగి, ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో అప్పుడే రాసుకోండి. లేబర్ రూములో డ్యూటీ ఉన్నప్పుడు ప్రసూతి పాఠం చదివితే పగలు చూసిందే రాత్రి పుస్తకంలో కనిపిస్తుంది. అలా చదివింది మరిచిపోరు. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ వస్తుంది. ఇంటికి పంపండి, మంచిదే. కానీ అందులో కొంత కౌన్సెలింగ్ కోసమని విడిగా దాచండి. ఎందుకో తర్వాత చెబుతాం.

నీట్ పీజీ సంగతి. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. మొత్తం 800. ఎంబీబీఎస్‌లో చదివిన 19 సబ్జెక్టులూ వస్తాయి. మొదటి ఏడాది చదివిన అనాటమీ నుంచి చివరి ఏటి సర్జరీ దాకా. 2024 నుంచి ప్రశ్నలను 40 చొప్పున అయిదు భాగాలు చేసి, భాగానికి 42 నిమిషాలు ఇస్తున్నారు. ఒక భాగం సమయం అయిపోతే వెనక్కి వెళ్ళడానికి లేదు. కాబట్టి ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా గడియారం పెట్టుకుని 40 ప్రశ్నలు, 42 నిమిషాలు అని చేయాలి. 'తర్వాత చూద్దాం' అనే అలవాటు అక్కడ పనికిరాదు.

మ్యారో, ప్రెప్‌ల్యాడర్ లాంటి యాప్‌లు కొంటేనే సీటు వస్తుందని ఒక భయం ఉంది. కొనగలిగితే ఒక్కటి చాలు. నాలుగు కొని నాలుగూ సగం సగం చూసేకన్నా, ఒకటి తీసుకుని మూడుసార్లు తిరగేయడం మేలు. వీడియోలు చూడటం తేలిక, ప్రశ్నలు చేయడం కష్టం. అందుకే అందరూ వీడియోలు చూస్తారు. చివరి ఏడాది నుంచే రోజుకు పాతిక ప్రశ్నలు చేయండి. ఎక్కడ తప్పు పోయిందో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పరీక్ష ముందు నెలలో ఆ పుస్తకమే మీ గురువు.

ఇంకో రెండు తలుపులు ఉన్నాయని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఎయిమ్స్, జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ, బెంగళూరు నిమ్‌హాన్స్ లాంటి సంస్థల సీట్లు నీట్ పీజీలో ఉండవు. వాటికి ఐఎన్‌ఐ సెట్ అని వేరే పరీక్ష, ఏడాదికి రెండుసార్లు. దరఖాస్తు వేరే పెట్టాలి. రెండోది డీఎన్‌బీ. ఇది నీట్ పీజీ ర్యాంకు మీదే వస్తుంది. పెద్ద ఆసుపత్రుల్లో, కొన్ని జిల్లా ఆసుపత్రుల్లో కూడా ఉంటుంది. మూడేళ్ళ డీఎన్‌బీ కాక రెండేళ్ళ డిప్లొమాలు కూడా ఉన్నాయి. ఎండీ, ఎంఎస్ దొరకలేదని అంతా పోయినట్టు కూర్చోకండి.

విదేశాల్లో ఎంబీబీఎస్ చేసి వచ్చిన మన పిల్లలూ కొందరున్నారు. వాళ్ళు ముందు ఎఫ్‌ఎంజీఈ పాసై, ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేశాకే ఈ దారిలోకి వస్తారు. 300 మార్కులకు 150 రావాలి. ఎవరికీ సడలింపు లేదు. ఆ పరీక్షకు పెట్టిన కష్టం పీజీకి పునాది అవుతుంది కాబట్టి దాన్ని అడ్డుగోడలా చూడొద్దు.

ఇప్పుడు రిజర్వేషన్. అఖిల భారత కోటాలో ఎస్టీలకు 7.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం, తెలంగాణలో 10 శాతం. నీట్ పీజీలో అర్హతకు జనరల్ వాళ్ళకు 50వ పర్సంటైల్, మనకు 40వ పర్సంటైల్ అని నియమం. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు. రాసినవాళ్ళలో ఎంతమంది మన కింద ఉన్నారన్న లెక్క. అర్హత వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. అందుకని కటాఫ్ దాటితే చాలని చదవకండి. మంచి ర్యాంకు వస్తే ఓపెన్ సీటు కూడా మీదే. అప్పుడు ఎస్టీ సీటు ఇంకో తమ్ముడికి మిగులుతుంది.

'కోటా డాక్టరు' అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. దానికి జవాబు తెలిసి ఉండాలి. కోటా తలుపు దాకా తీసుకెళ్తుంది. లోపల ఎవరికీ కోటా లేదు. ఎంబీబీఎస్ చివరి పరీక్షలో పాస్ మార్కు అందరికీ ఒకటే. ఎండీ, ఎంఎస్ పరీక్షలో కూడా ఒకటే. పేషెంటు ముందు, ఎగ్జామినర్ ముందు మనకోసం ఎవరూ గీత తగ్గించరు. ఆ గీత దాటి వచ్చిన డాక్టరు డాక్టరే. ఈ మాట గొంతు పెంచకుండా చెప్పడం నేర్చుకోండి.

కౌన్సెలింగ్‌కు వద్దాం. సీట్లు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. ప్రభుత్వ కాలేజీల్లోని పీజీ సీట్లలో సగం ఢిల్లీలోని ఎంసీసీ అఖిల భారత కోటా కింద నింపుతుంది. మిగతా సగం రాష్ట్రాల చేతిలో. ఆంధ్రలో విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ చూస్తాయి. రెండు చోట్లా విడివిడిగా రిజిస్టర్ కావాలి. 'నీట్ రాశాం కదా, వాళ్ళే పిలుస్తారు' అనుకుంటే ఎవరూ పిలవరు.

ఎంసీసీలో ఎస్టీలకు అఖిల భారత కోటా రిజిస్ట్రేషన్ 500 రూపాయలు, డిపాజిట్ 10,000. డిపాజిట్ నియమాల ప్రకారం తిరిగి వస్తుంది. కానీ కట్టాల్సిన రోజుకు చేతిలో ఉండాలి. కాఫీ గింజల డబ్బు వచ్చాక కడతామంటే వాళ్ళు ఆగరు. అందుకే స్టైపెండ్‌లోంచి దాచమన్నాం. డీమ్డ్ యూనివర్సిటీలకు టిక్ పెడితే డిపాజిట్ 2 లక్షలు, అందులో ఎస్టీ అని తగ్గింపు లేదు. ఆపైన ఏడాదికి లక్షల్లో ఫీజులు. తెలియక అక్కడ టిక్ పెట్టి, ఎడ్లు అమ్మే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒకటే సూత్రం. వస్తుందా రాదా అని కాదు, ఏది కావాలో ఆ వరుసలో పెట్టండి. ముందు బాగా ఇష్టమైనవి, తర్వాత పర్వాలేదనిపించేవి, చివర ఇది కూడా చాలు అనుకునేవి. పది పెట్టి ఊరుకోవద్దు. పోయిన ఏడాది ఏ రౌండులో ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ఎంసీసీ వెబ్‌సైటులోనే ఉంటుంది. ఎస్టీ కేటగిరీ వరుస చూసుకోండి. మొదటి రౌండులో వచ్చిన సీటు వద్దనుకుంటే నష్టం లేకుండా వదిలేయొచ్చు. రెండో రౌండులో వదిలేస్తే డిపాజిట్ పోతుంది. మూడో రౌండులో వచ్చిన సీటులో చేరకపోతే ఆపై రౌండ్లకు అర్హత కూడా పోతుంది. చేరడానికి మనసు లేని సీటును చివరి రౌండ్లలో ఆప్షన్‌గా పెట్టడమే తప్పు. నియమాలు ఏటా కొంచెం కొంచెం మారుతుంటాయి. అందుకే ఆ ఏటి ఇన్ఫర్మేషన్ బులెటిన్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకసారి చదవండి. అన్న చెప్పాడని, వాట్సాప్‌లో వచ్చిందని నిర్ణయం తీసుకోకండి.

కాగితాల సంగతి మా సొంత రంగం కాబట్టి గట్టిగా చెబుతాం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, కుల ధ్రువపత్రంలో ఇంకోలా, ఆధార్‌లో మరోలా ఉంటుంది. మన పేర్లు బడిలో చేరినప్పుడు విన్నట్టు రాసినవి. పుట్టిన తేదీలు చాలామందికి జూన్ నెలే. ఎంబీబీఎస్ చేరేటప్పుడు ఎలాగో గట్టెక్కిన తేడా పీజీ వెరిఫికేషన్‌లో పట్టుకుంటుంది. రేపు రిపోర్ట్ చేయాలనగా తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తితే ఎవరూ ఆదుకోలేరు. ఇంటర్న్‌షిప్ మొదలైన నెలలోనే అన్నీ ఒక చోట పెట్టి అక్షరం అక్షరం పోల్చుకోండి. పదో తరగతి, అన్ని ఏళ్ళ మార్కుల జాబితాలు, ఎంబీబీఎస్ పాస్ సర్టిఫికెట్, ఇంటర్న్‌షిప్ పూర్తయిన పత్రం, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఎస్టీ ధ్రువపత్రం, ఆధార్. ఎంసీసీ అడిగే నమూనాలో కుల ధ్రువపత్రం ఉందో లేదో చూసుకోండి. రెండు జతల జిరాక్సులు, ఫోనులో ఒక స్కాన్ కాపీ.

మూడో దారి కూడా ఒకటుంది. ఎంబీబీఎస్ అవగానే ఇంటి పరిస్థితి వల్ల ఉద్యోగం చేయక తప్పని పిల్లలు ఉంటారు. ప్రభుత్వ పీహెచ్‌సీలో వైద్యాధికారిగా నిర్ణీత కాలం చేసినవారికి పీజీలో ఇన్‌సర్వీస్ కోటా ఉంది. ఇలాంటి కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఎన్నేళ్ళు చేయాలి, ఏ శాఖల్లో ఎంత శాతం అన్నది ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉంటుంది, అది మారుతుంటుంది. కాబట్టి ఉద్యోగంలో చేరడం పీజీని వదులుకోవడం కాదు. ఉద్యోగం చేస్తూ రోజుకు గంట పుస్తకం విడవకపోతే చాలు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. 'డాక్టరయ్యింది కదా, ఇంక చాలు, పెళ్ళి చేసేద్దాం' అంటారు. పీజీ అంటే మళ్ళీ ఇంటి మీద భారం అనుకుంటున్నారు. ప్రభుత్వ కాలేజీలో పీజీ చదివేవారికి నెలనెలా స్టైపెండ్ వస్తుంది. ఆ మూడేళ్ళు మీ పిల్ల పనిచేస్తూ చదువుతుంది. పెళ్ళి ఎక్కడికీ పోదు. పరీక్షకు సిద్ధమైన వేడి మాత్రం ఒక్క ఏడాది పక్కన పెడితే చల్లారిపోతుంది.

సీటు వచ్చాక సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. 2019లో ముంబైలో గైనకాలజీ పీజీ చదువుతున్న ఆదివాసీ బిడ్డ డాక్టర్ పాయల్ తడ్వీని కోల్పోయాం. 2023లో వరంగల్‌లో మత్తు వైద్యంలో పీజీ మొదటి ఏడాది చదువుతున్న గిరిజన బిడ్డ డాక్టర్ ప్రీతిని కోల్పోయాం. సీనియర్ల వేధింపుల మీద ఇద్దరి కుటుంబాలూ ఫిర్యాదు చేశాయి, కేసులయ్యాయి. వాళ్ళు ఇద్దరూ ఇక్కడ మనం మాట్లాడుకున్న ప్రతి మెట్టూ ఎక్కినవాళ్ళే. చివరి ఏడాది దాటారు, ర్యాంకు తెచ్చుకున్నారు, సీటులో చేరారు. వాళ్ళకు తెలివి తక్కువై కాదు, ధైర్యం తక్కువై కాదు. మాట పంచుకునే చోటు, మాట విని కదిలే చోటు అందాల్సినంత అందలేదు.

అందుకని ఇది శ్రద్ధగా వినండి. పీజీ మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. రాత్రి డ్యూటీలుంటాయి, చీవాట్లుంటాయి. పని నేర్పడానికి కోప్పడటం వేరు. కులం పేరుతో, తెగ పేరుతో, భాష పేరుతో కించపరచడం వేరు. మొదటిది ఓర్చుకోవచ్చు. రెండోది ఓర్చుకోవాల్సిన పని లేదు. మెడికల్ కాలేజీల్లో ర్యాగింగ్ నిషేధానికి జాతీయ వైద్య కమిషన్ 2021లో నిబంధనలు తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచీ ఉంది. వేధింపు జరిగితే తేదీ, సమయం, ఏమన్నారు, ఎవరున్నారు అని ఆ రోజే రాసి పెట్టుకోండి. ఫిర్యాదు కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ర్యాగింగ్ జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. మనసు బరువెక్కినప్పుడు టెలి మానస్ 14416, ఏ వేళనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోనులో ఎక్కించుకోండి.

విశ్రాంతి అడగడం కూడా బద్ధకం కాదు. పీజీ విద్యార్థులకు వారానికో సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు ఉండాలని 2023 పీజీ నిబంధనల్లో రాసి ఉంది. వారానికి 74 గంటలకు మించి పని చేయించొద్దని 2024లో జాతీయ టాస్క్‌ఫోర్స్ సిఫారసు చేసింది. అన్ని చోట్లా ఇవి అమలవుతాయని మేము చెప్పం. రాసి ఉందని తెలిస్తేనే అడగగలం.

తల్లిదండ్రులారా, పిల్ల ఫోను చేసి 'బాగోలేదమ్మా, వచ్చేస్తాను' అంటే, 'ఇంత కష్టపడి వచ్చిన సీటు వదిలేస్తావా' అన్న మాట ముందు నోట్లోంచి రానీయకండి. 'ఏమైంది తల్లీ, చెప్పు' అనండి. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళండి. సీటు మళ్ళీ రాయొచ్చు. ప్రాణం మళ్ళీ రాదు.

ఏ శాఖ తీసుకోవాలి అని చాలామంది అడుగుతారు. మీకు ఇష్టమైంది తీసుకోండి. కానీ గైనిక్, మెడిసిన్, సర్జరీ రాకపోతే చదువే వ్యర్థం అనుకోకండి. మత్తు డాక్టరు లేక ఆగిపోయిన ఆపరేషన్లు మన కొండలకు తెలుసు. సికిల్ సెల్ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించాలని 2023 జూలై 1న దేశం ఒక మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు వాళ్ళు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. ఆ పరీక్ష చేసే ల్యాబుకు పాథాలజిస్టు కావాలి, ఊరూరా నడిపించడానికి కమ్యూనిటీ మెడిసిన్ డాక్టరు కావాలి. పీజీలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నియమం కూడా ఉంది. అవకాశం ఉంటే ఆ మూడు నెలలు మన ప్రాంతం అడిగి రండి. కొన్ని ప్రభుత్వ సీట్లకు కోర్సు తర్వాత తప్పనిసరి సేవ, బాండు ఉంటాయి. చేరేముందే చదివి సంతకం పెట్టండి.

చదివినవాళ్ళందరూ కొండ మీదికే తిరిగి రావాలని మేము శాసించం. ఢిల్లీలో పనిచేసినా అమెరికాలో పనిచేసినా మన బిడ్డే. అయితే ఏడాదికి ఒక్క ఆదివారం మా హాస్టల్ పిల్లలతో కూర్చోండి. తెల్ల కోటు వేసుకున్న మన మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తింటే, ఏడో తరగతి పిల్లకు మేము పది క్లాసుల్లో చెప్పలేని పాఠం అర్థమవుతుంది.

చివరిగా మన సంఘానికి మూడు పనులు అప్పగిస్తున్నాం. ఒకటి, ప్రతి ఏటా ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో ఉన్న మన పిల్లల పేర్లు రాసి, ఒక్కొక్కరికి పీజీ చదువుతున్న ఒక అక్కనో అన్ననో జత చేయాలి. వారానికి ఒక్క ఫోను చాలు. రెండు, కౌన్సెలింగ్ డిపాజిట్ కోసం ఒక చిన్న నిధి ఉండాలి. డిపాజిట్ తిరిగి వచ్చాక డబ్బు నిధిలోకి చేరి ఇంకొకరికి పనికొస్తుంది. మూడు, పీజీలో చేరిన పిల్లల దగ్గరికి మొదటి మూడు నెలల్లో సంఘం నుంచి ఇద్దరు పెద్దలు ఒకసారి వెళ్ళి రావాలి. 'ఈ పిల్ల ఒంటరిది కాదు' అని ఆ కాలేజీకి తెలియడానికి అంతకన్నా పెద్ద పని అక్కర్లేదు. కాగితాలు సరిచూసే పని మా హాస్టల్ వాళ్ళం చేస్తాం. ఏ ఆదివారమైనా రండి.

పిల్లలూ, పొద్దున్న కొండ దిగేటప్పుడు ఒకరి వెనక ఒకరు నడుస్తాం కదా. ముందు నడిచేవాళ్ళు రాయి ఉందనో జారుతుందనో వెనక్కి చెబుతారు. చదువులో కూడా అంతే. ఎక్కినవాళ్ళు వెనక్కి చెప్పండి, ఎక్కుతున్నవాళ్ళు సిగ్గుపడకుండా అడగండి.

 జై ఆదివాసీ.